పాతదానిని కొన్నవాడు: జాన్ నార్త్ విల్లీస్

అమెరికా దేశమున పాత మోటారు బండ్లను వెదకి కొనువారిలో ఒక తెగవారు కలరు. వారికి తళుకుబెళుకుల కొత్త బండ్లు రుచింపవు. అరువది, డెబ్బది యేండ్ల క్రిందట ఒహాయో రాష్ట్రమునందలి టొలీడో నగరపు కర్మాగారమున పుట్టి, పొలముల గట్లమీదను మంచు దారులమీదను తిరిగి తిరిగి, తుదకు ఏ ధాన్యపు కొట్టము ప్రక్కనో చుట్టును గడ్డి మొలచి నిలిచిపోయిన విల్లీస్ స్టేషను వ్యాగనుకొరకు వారు వందల మైళ్లు పోవుదురు. ఇప్పటి కాలమున ధనికులును, సామాన్యులును ఎక్కి తిరుగుచున్న పెద్ద పెద్ద నాలుగు చక్రముల చోదనపు బండ్లకు ఆ మోటు వాహనము పితామహులలో నొకటి యని వారి నమ్మకము. ఆ నమ్మకము నిరాధారము కాదు.

అట్టి బండిని బేరమాడుట యొక విద్య. తెలిసినవాడు ముందుగా రంగు చూడడు. నేలమీద చాప పరచుకొని బండి క్రిందికి దూరి, చట్రపు దూలములను సుత్తితో మెల్లగా తట్టి చూచును. గట్టి ఇనుము ఖంగున మ్రోగును. తుప్పు తిన్న ఇనుము మూగగా పలుకును. కాళ్ల క్రింది పట్టాలెత్తి అడుగు రేకు మిగిలియున్నదో లేదో చూచును. తలుపుల క్రింది అంచులకు అయస్కాంతము నానించి, అది అంటుకొనని చోట రేకునకు బదులు లప్పమున్నదని గ్రహించును. ముందు ఇరుసు కొసలనుండి నూనె కారుచున్నదేమో పరీక్షించును. ఇంజను దిమ్మెకు పగులు కలదేమో వెదకును. అన్నిటికంటె ముఖ్యముగా, నాలుగు చక్రములకును శక్తి నందించు పళ్లచక్రముల పెట్టె నిజముగా పనిచేయుచున్నదా యని బండిని బురదలోనికి తోలించి చూచును. ఏలయన, 1946లో వెలువడిన తొలి వ్యాగనులకు వెనుక చక్రములకే చోదనము. నాలుగు చక్రముల చోదనము 1949లోగాని రాలేదు. పై రూపు రెంటికిని ఇంచుమించు ఒక్కటే, అడుగు వేరు. అడుగు చూడనివాడు మొదటిదానిని రెండవదాని వెలకు కొని, ఇంటికి వచ్చిన పిమ్మట విచారించును.

ఈ పరీక్షలన్నియు చేసి, వెల తీర్చి, బండిని తెచ్చుకొన్నవాడు దుమ్ము తుడువగా బయటపడు పేరు విల్లీస్. మన తెలుగు జిల్లాలకును ఆ పేరు క్రొత్తది కాదు. 1947లో మహీంద్రా సంస్థవారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుట మొదలుపెట్టిరి. సమాజాభివృద్ధి పథకముల దినములలో బ్లాకు ఆఫీసు జీపు దుమ్ము రేపుకొనుచు ఊరి పొలిమేర దాటి వచ్చుటయు, పిల్లలు దాని వెంట పరుగెత్తుటయు మన పెద్దలు చెప్పుకొనెడి ముచ్చటలే. కాని విల్లీస్ అనునది ఒక మనుష్యుని పేరని ఎరిగినవారు తక్కువ. ఆ మనుష్యుడు జీపును గాని, ఆ వ్యాగనును గాని కన్నులతో చూడనే లేదని ఎరిగినవారు మరింత తక్కువ. ఆతని జీవితమును పరిశీలించినచో ఒక విశేషము గోచరించును. పాతదానిని, పాడైనదానిని, ఇతరులు వదలుకొన్నదానిని కొని బాగుచేయుటయే ఆతడు జన్మమంతయు చేసిన పని.

జాన్ నార్త్ విల్లీస్ 1873 అక్టోబరు 25వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని కానండేగ్వా యను చిన్న పట్టణమున జన్మించెను. బాల్యమునుండియు ఆతని బుద్ధి క్రయవిక్రయములమీదనే యుండెడిది. ఇంకను మీసము రాని వయస్సున ఒక మిత్రునితో కలసి, సెనికా ఫాల్సు అను పొరుగూరిలో అమ్మకమునకు వచ్చిన ఒక బట్టలుదుకు దుకాణమును కొనెను. ఇంటిమీద బెంగ పుట్టి కుఱ్ఱవాడు తిరిగి వచ్చునని తల్లిదండ్రులు తలచిరి. వచ్చెను గాని, దుకాణమును సరిదిద్ది, లాభమునకు అమ్మి మరీ వచ్చెను. ఆ సొమ్ముతో న్యాయశాస్త్రము చదువవలెనని ఆతనికి కోరిక కలిగెను. తండ్రి మరణముతో ఆ చదువు సాగలేదు. ఒక న్యాయవాది తగ్గి, ఒక వర్తకుడు పెరిగెను.

అది సైకిళ్ల యుగము. ఊరూర యువకులు రెండు చక్రములమీద ఊరేగుచుండిరి. విల్లీసు సైకిళ్ల అంగడి తెరచెను. అరువులు పెరిగి, వసూళ్లు తగ్గి, ఒకమారు చేతులు కాల్చుకొనెను. అమ్ముట వేరు, డబ్బు రాబట్టుట వేరు అను పాఠమును ఆతడు అప్పుడే నేర్చెను, తరువాత మరచెను, మరల నేర్చెను. 1897లో ఇసబెల్ వాన్ వీ యను నామెను వివాహమాడెను. ఎల్మైరా పట్టణమున ఆటవస్తువులు, తుపాకులు అమ్మెడి ఒక అంగడి దివాలా అంచున నుండగా కొద్దిపాటి సొమ్మునకు దానిని కొని నిలువబెట్టెను. కొన్ని యేండ్లకే ఆ ప్రాంతమునకెల్ల సైకిళ్ల టోకు వర్తకుడయ్యెను.

1899 ప్రాంతమున ఆతడు పనిమీద క్లీవ్లండు నగరమునకు పోయెను. ఒక మేడ కిటికీనుండి వీథిలోనికి చూచుచుండగా, గుఱ్ఱము లేని బండి యొకటి తనంతట తాను పోవుచు కనబడెను. అది వింటను అను వాని మోటారు. చూచినవారనేకులు నవ్వియుందురు, విల్లీసు మాత్రము సైకిళ్ల దినములు చెల్లినవని నిశ్చయించుకొనెను. తిరిగి వచ్చి మోటారు బండ్ల వర్తకమునకు దిగెను. మొదట అమ్ముడైనవి వ్రేళ్లమీద లెక్కింపదగినవి. క్రమముగా గిరాకి ఎట్లు పెరిగినదనగా, కొనువారు వరుసలో నిలిచియుండగా అమ్ముటకు బండ్లు లేకపోయెను. అప్పుడు 1906లో ఆతడొక విక్రయ సంస్థను స్థాపించి, ఇండియానాపొలిసు నగరమునందలి ఓవర్లాండు అను చిన్న సంస్థ తయారుచేయు బండ్లన్నియు తానే అమ్ముదునని ఒడంబడిక చేసికొనెను. ఆ సంస్థ అంతకుముందు ఏటికి ఏబది బండ్లు కూడ చేయలేదు. విల్లీసు అయిదు వందల బండ్లకు ఉత్తరువిచ్చి, బయానాగా పది వేల డాలర్లు చెల్లించెను.

1907వ సంవత్సరపు శరదృతువున అమెరికాలో ధనసంక్షోభము పుట్టెను. బ్యాంకుల తలుపులు బిగిసికొనెను. ఇండియానాపొలిసునుండి బండ్లు వచ్చుట ఆగిపోయెను. ఉత్తరములకు జవాబులును ఆగిపోయెను. డిసెంబరులో విల్లీసు రైలెక్కి పోయి చూడగా, సంస్థ ఊపిరి గొంతులో నుండెను. పనివారికి శనివారము జీతపు చెక్కులిచ్చిరి. సోమవారము ఉదయమున అవి బ్యాంకునకు పోయినచో చెల్లవు. చెల్లకపోయినచో సంస్థ మూతపడును. ఆతని పది వేలును, పేరును మునుగును. ఆ లోపమును పూడ్చుటకు కావలసినది కేవలము 350 డాలర్లు. కాని నాడు ఆదివారము. ఊరంతటను రొక్కమునకు కటకట.

విల్లీసు తాను దిగిన హోటలునకు తిరిగి వచ్చి అచటి గుమాస్తానాశ్రయించెను. తన చెక్కు వ్రాసియిచ్చి, రాత్రిలోగా రొక్కమీయుమని వేడుకొనెను. ఆ గుమాస్తా ఆశ్చర్యపడినను, కాదనలేదు. భోజనశాలలోను, పానశాలలోను, గదుల అద్దెల పెట్టెలోను చేరిన ప్రతి నాణెమును కూడబెట్టి, అర్ధరాత్రివేళకు వెండి నాణెములు, చిన్న నోట్లు కుప్పగా పోసి లెక్క పూర్తిచేసెను. తెల్లవారగానే ఆ కుప్ప బ్యాంకునకు చేరెను. జీతములు చెల్లెను, సంస్థ బ్రతికెను. లోకములో గొప్ప కర్మాగారములు మహాధనికుల పెట్టుబడివలననే నిలిచినవని తలచువారు ఈ గుమాస్తాను కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

తరువాతి దినములలో విల్లీసు ఎనుబది వేల డాలర్ల బాకీని నెత్తిన వేసికొని, ఋణదాతల నొక్కొక్కరిని కలసి, కొంత రొక్కముగను, కొంత వాటాల రూపమునను తీర్తునని ఒప్పించెను. ముడిసరకు నరువు తెచ్చెను. పనిచేయుటకు చాలినంత కట్టడము లేకపోగా, పెద్ద సర్కసు గుడారము నొకదానిని వేయించి, దాని నీడను బండ్లు కూర్పించెను. 1908లో ఆ గుడారపు సంస్థ 465 బండ్లు తయారుచేసెను. మరుసటి యేట ఆ సంఖ్య నాలుగు వేలు దాటెను. ఒక్కటి గమనింపదగినది. ఓవర్లాండును ఆతడు మంచి ధరకు వచ్చినదని కొనలేదు, విధిలేక కొనెను. అయినను కొనకముందు క్రిందికి దూరి చూచెను. అప్పులు పైపై తుప్పనియు, బండి నమూనా, పనివారి నేర్పు అను చట్రము గట్టిదనియు ఆతనికి బోధపడెను.

1909లో ఆతడు టొలీడోలో పోప్ సంస్థవారి కర్మాగారమును కొనెను. ఆల్బర్టు పోప్ ఒకప్పుడు అమెరికా సైకిళ్ల పరిశ్రమకు చక్రవర్తి. ఆయన మోటార్ల వ్యాపారము దెబ్బతిని కర్మాగారము మూలబడగా, ఒకనాడు పల్లెపట్టున సైకిళ్లమ్మిన చిన్న వర్తకుడు దానికి యజమాని యయ్యెను. 1912లో సంస్థకు విల్లీస్ ఓవర్లాండు అను పేరు స్థిరపడెను. నాటినుండి 1918 వరకు అమెరికాలో ఫోర్డు తరువాత అత్యధికముగా బండ్లు తయారుచేసినవాడు విల్లీసే. 1916 నాటికి ఏటి ఉత్పత్తి లక్ష దాటెను. కవాటములకు బదులు జారెడు గొట్టములతో చప్పుడు లేక నడచు నైట్ అను నతని ఇంజనుపై మనసుపడి, ఆ హక్కు గల ఎడ్వర్డ్స్ అను చిన్న సంస్థను 1913లో కొని, విల్లీస్ నైట్ అను బండిని వెలువరించెను. అదియు పాత అలవాటే. తానుగా నూతనమును కల్పించుటకంటె, ఒకరు కల్పించి నిలుపుకొనలేకపోయినదానిని కొని నిలుపుట ఆతనికి సహజము.

ఇంతవరకు ఆతడు కొన్నవానిని తాకి, తట్టి, చూచి కొనెను. ప్రపంచ యుద్ధము వచ్చెను. ధనము వెల్లువవలె వచ్చెను. 1917లో కర్టిస్ విమానముల సంస్థ ఆతని చేతికి వచ్చెను. నివాసము న్యూయార్కునకు మారెను. టొలీడో దూరమయ్యెను. ఆపైన ఆతడు కర్మాగారములను కాగితములమీద కొనసాగెను. ఒకటి విద్యుత్పరికరములకు, ఒకటి ట్రాక్టర్లకు, ఒకటి క్రొత్త బండికి. న్యూజెర్సీలోని ఎలిజబెత్ అను నూరిలో మహత్తరమైన కర్మాగార నిర్మాణమును తలపెట్టెను. కాగితముమీద తుప్పు కనబడదు. సుత్తితో తట్టినను కాగితము మ్రోగదు.

1919లో టొలీడో కార్మికులు పని గంటలను గూర్చియు, కూలిని గూర్చియు సమ్మెకు దిగిరి. యజమాని దూరమున నుండెను. వీథులలో అలజడి చెలరేగి ప్రాణములు కూడ పోయెను. కర్మాగారము చాలకాలము మూతపడెను. సర్కసు గుడారములో పనివారి మధ్య తిరిగి, వారి జీతములకొరకు అర్ధరాత్రి నాణెములు లెక్కించిన యజమాని ఆ దినమున ఊరిలో నుండియున్నచో కథ వేరుగా నడచెడిదేమో! ఆ వెనువెంటనే 1920లో వర్తకము మందగించెను. బండ్లు అమ్ముడుపోలేదు, అప్పులు కొండలవలె పెరిగెను. ఋణమిచ్చిన బ్యాంకులు విల్లీసును నమ్మక, ఏటికి పది లక్షల డాలర్ల జీతముపై వాల్టరు క్రైస్లరును తెచ్చి అధికారమప్పగించిరి. ఆ వచ్చినవాడు మొదట చేసిన పనులలో నొకటి విల్లీసు జీతమును సగమునకు తగ్గించుట. తాను పెంచిన ఇంట తానే అద్దెకున్నవానివలె విల్లీసు ఆ రెండేండ్లు గడిపెను. 1922లో ఎలిజబెత్ కర్మాగారము వేలమున ఇతరుల పాలయ్యెను. క్రైస్లరు వేరొక చోటికి పోయి తన పేరిట మహాసంస్థను స్థాపించెను.

విల్లీసునకు మిగిలినది టొలీడో ఒక్కటే. ఏబదవ యేట ఆతడు తన సంస్థనే పాత బండిని కొన్నట్లు మరల చేపట్టెను. ఖర్చులు కోసెను, అప్పులు తీర్చెను, వర్తకులను తిరిగి కూడగట్టెను. 1926లో విపెట్ అను చిన్న బండిని వెలువరించెను. నాటి అమెరికా బండ్లలో పొట్టిది, వెల తక్కువ, నాలుగు చక్రములకును బ్రేకులు కలది. 1928లో సంస్థ మూడు లక్షలకు పైగా బండ్లను తయారుచేసెను. 1929లో, షేర్ల మార్కెటు కూలుటకు కొద్ది నెలల ముందు, ఆతడు తన వాటాలను రెండు కోట్ల డాలర్లకు పైబడిన సొమ్మునకు అమ్మి తప్పుకొనెను. ఎప్పుడు కొనవలెనో ఎరిగినవాడు ఎప్పుడు అమ్మవలెనో కూడ ఎరుగునని లోకము మెచ్చుకొనెను. 1930లో అధ్యక్షుడు హూవరు ఆతనిని పోలెండునకు పంపెను. ఆ దేశమున పూర్తి రాయబారి హోదాతో పనిచేసిన మొదటి అమెరికనుడు విల్లీసే.

అచటితో కథ ముగిసినచో ఆతడు భాగ్యవంతుడనిపించుకొనెడివాడు. కాని ఆర్థిక మాంద్యమున టొలీడో కర్మాగారము కుంగిపోవుచుండెను. ఊరిలో వేలకొలది కుటుంబములకు అదే ఆధారము. 1932లో ఆతడు రాయబారి పదవిని వదలి తిరిగి వచ్చెను. 1933 ఫిబ్రవరిలో సంస్థ న్యాయస్థానపు పాలనలోనికి పోయెను. అయినను, విపెట్ నాటి చిన్న ఇంజనునే ఆధారము చేసికొని, విల్లీస్ 77 అను మిక్కిలి చౌక బండిని న్యాయస్థానపు అనుమతితో కొద్ది కొద్దిగా తయారుచేయుచు ఊపిరి నిలిపిరి. 1934లో ఆతని గృహజీవితమును చెదరెను. ఇసబెల్ విడాకులు పొందెను. ఆతడు మరల వివాహమాడెను. 1935లో సంస్థాధ్యక్షత్వమును తిరిగి స్వీకరించిన కొద్ది నెలలకే, మే మాసమున, గుండెపోటు వచ్చెను. ఆగస్టు 26న న్యూయార్కులో ఆతడు కన్నుమూసెను. అప్పటికి ఆతనికి అరువది రెండేండ్లు నిండలేదు. సంస్థ ఇంకను దివాలానుండి బయటపడలేదు. ఆతని దృష్టిలో తుది బేరము నష్టముననే ముగిసినది.

ఆ పిమ్మట జరిగినది ఆతడు చూడలేదు. 1936లో సంస్థ పునర్వ్యవస్థీకరణము పొందెను. 1940లో అమెరికా సైన్యము తేలికయైన నాలుగు చక్రముల చోదనపు బండి కావలెనని ప్రకటించగా, మొదటి నమూనాను చేసినవారు విల్లీసు వారు కారు. పెన్సిల్వేనియాలోని బాంటం అను చిన్న సంస్థవారు. దాని రూపశిల్పి కార్ల్ ప్రాబ్స్టు. విల్లీస్, ఫోర్డు సంస్థలును తమ తమ నమూనాలను తెచ్చెను. మూటిలో టొలీడో బండిని ముందు నిలిపినది దాని ఇంజను. అది విల్లీస్ 77 నాటి పాత ఇంజనే. బార్నీ రూస్ అను ఇంజనీరు దానిలో ప్రతి భాగమును సరిదిద్ది, 48 అశ్వశక్తులనుండి 60కి పెంచెను. సిలిండర్ల కొలత మాత్రము మారలేదు. దివాలా దినములలో పారవేయక ఉంచుకొన్న చౌక ఇంజను, యుద్ధములో మూడు లక్షలకు మించిన విల్లీస్ జీపులను నడిపెను. బర్మా బురదలోను, ఆఫ్రికా ఇసుకలోను తిరిగెను.

యుద్ధానంతరము 1946లో బ్రూక్స్ స్టీవెన్సు అను రూపశిల్పి అదే ఇంజనుతో, కొయ్యకు బదులు పూర్తిగా ఉక్కు రేకుతో, కొయ్య పలకలను తలపించు రంగుల గీతలతో స్టేషను వ్యాగనును రూపొందించెను. 1953లో కైజరు సంస్థవారు విల్లీస్ సంస్థను కొనిరి. 1963లో కైజర్ జీప్ అను పేరు పెట్టుటతో సంస్థ పేరునుండి విల్లీస్ తొలగెను. ఆ 1963 నమూనాగానే, వ్యాగను వారసురాలుగా, జీప్ వాగనీరు వెలువడెను. జీపు మిగిలెను, విల్లీసు మరుగుపడెను.

కావున నేడు ఏ అమెరికా పల్లెలోనో పాత వ్యాగను క్రిందికి దూరి చట్రమును తట్టి చూచుచున్నవాడు, తాను ఎరుగకయే, ఆ పేరుగలవాని విద్యనే అభ్యసించుచున్నాడు. విల్లీసు జీవితమున గెలుపులన్నియు వంగి చూచి కొన్నవి. ఓటములు మేడమీదనుండి చూచి కొన్నవి. పాతదానిని కొనుట పిసినారితనమని కొందరందురు. కాని దానిలో ఒక విశ్వాసమున్నది. వాడి వదలినదానిలో ఇంకను ప్రాణమున్నదని నమ్మవలెను. ఆ నమ్మకము నిజమో కాదో తెలిసికొనుటకు చేతులు మురికి చేసికొనవలెను. నమ్మకము లేనివాడు కొనలేడు. చేతులు మురికి కానివాడు కొని నిలుపుకొనలేడు. ఇండియానాపొలిసులో నాడు అర్ధరాత్రి కుప్పపోసిన 350 డాలర్ల చిల్లర ఈ రెండవ మాటకు సాక్షి. ఆ చిన్న ఇంజను మొదటి మాటకు సాక్షి. ఆ ఇంజను ఇప్పటికిని కొన్ని పాత బండ్లలో మ్రోగుచునే యున్నది.